కంద మడి చుట్టూ బియ్యప్పిండి

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున్నే గొడవ మొదలైంది. గేటు పక్కన వరసగా పెట్టిన కుండీల్లో మట్టంతా ఎవరో రాత్రికి రాత్రి గెలికేశారు. కనకాంబరం మొక్కలు వేళ్లు పైకి తేలి పడున్నాయి. ఫోటో పెట్టీ పెట్టగానే మూడో అంతస్తు పిల్లల పనే అని ఒకావిడ, వాళ్లు ఊళ్లోనే లేరని ఇంకొకావిడ, వాచ్‌మన్ కొత్తగా వచ్చాడు గమనించారా అని ఒక పెద్దమనిషి. కెమెరా రికార్డింగు తీయించి సాయంత్రానికల్లా దొంగను పట్టుకుంటామని సెక్రటరీ గారు ప్రకటించేశారు.

నేను కాఫీ గ్లాసుతో కిందికి దిగి కుండీల పక్కన కూర్చున్నాను. ఆకులు కొరకలేదు. కాడలు తెగలేదు. వేళ్ల దగ్గర మాత్రం లోతుగా తవ్వి ఉంది, పక్కన నల్లగా పెంటికలు. ఇంత సాక్ష్యం కళ్లెదుట ఉంటే వీళ్లు మనుషుల మొహాలు వెతుక్కుంటున్నారేంటా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మా ఇంట్లో కూడా ఒకప్పుడు అచ్చం ఇలాగే జరిగింది.

అప్పట్లో మాది అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒంటి అంతస్తు డాబా. ముందు కాస్త, వెనక చాలా ఖాళీ జాగా. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చిన తాతయ్య కట్టించాడు. ఆయన పోయాక ఇల్లు మామ్మ పేరు మీదికి వచ్చింది. మామ్మంటే మా నాన్నకు అమ్మ. నాన్న మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో పనిచేసేవాడు, పాత స్కూటరు మీద వెళ్లొచ్చేవాడు.

ఆ రోజుల్లో మా సందుకు జాతర కళ ఉండేది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన అబ్బాయిలూ అమ్మాయిలూ ఫైళ్లు గుండెకు హత్తుకుని పరుగులు పెడుతుండేవాళ్లు. గోడలు కనపడకుండా జావా నేర్పుతాం, ఉద్యోగం ఇప్పిస్తాం అనే పోస్టర్లు. మెస్సుల్లో మరిగే సాంబారు వాసనా, జిరాక్సు మెషిన్ల వేడి వాసనా కలిసి మా వసారాలోకి వచ్చేవి. మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ కూతురూ నేనూ ఎండాకాలం డెమో క్లాసుల్లోకి దూరి వెనక బెంచీలో ఏసీ కింద కూర్చునేవాళ్లం. ఎవరైనా ఏ కోర్సు అని అడిగితే అక్క కోసం వచ్చామని చెప్పేవాళ్లం. ఏ అక్క అని అడిగేలోపు బయటపడేవాళ్లం.

మామ్మకు లోకం మీద నమ్మకం తక్కువ. పాలవాడి ముందే పాలలో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేది. కూరగాయల తక్కెడ ఖాళీగా ఎత్తి చూపించాకే తూకం వేయనిచ్చేది. బేగంపేటలో దిగే విమానాలు మా ఇంటి మీంచే వెళ్లేవి. ఆ మోతకు అందరం మాట ఆపేవాళ్లం. ఆ కాసేపట్లో ఎవరి మొహం ఎలా మారిందో మామ్మ చూసి పెట్టుకునేది. పొద్దున్నే గోడ మీంచి చెయ్యి చాపి మా మందారాలు కోసుకుపోయేవాళ్లంటే ఆవిడకు ఒళ్లు మంట. దేవుడికే కదా మామ్మా అంటే, దేవుడికి దొంగపూలు పెట్టమని ఎవరు చెప్పారే అనేది.

ఆవిడ ప్రాణమంతా వెనక జాగాలోని కంద మడిలో ఉండేది. పుట్టింటి నుంచి గోనెసంచిలో తెచ్చిన విత్తనపు దుంపలవి. ఎండాకాలంలో మొలక ఉన్న ముక్కలు కోసి, పేడలో ముంచి, బూడిద చల్లి పాతేది. వానలు పడేసరికి పాము చర్మంలా మచ్చలున్న కాడలు లేచి, పైన గొడుగుల్లా ఆకులు విచ్చుకునేవి. గోడ పొడుగునా బచ్చలి పాకించేది. చలికాలం మొదట్లో దుంప తవ్విన రోజు ఆవ నూరి పెట్టి కంద బచ్చలి వండితే ఆ ఘాటు సందు చివరిదాకా పోయేది. హాస్టల్ పిల్లల్లో మా వైపు వాళ్లుంటే ఆ వాసనకు గేటు దగ్గర నిలబడి లోపలికి చూసేవాళ్లు. మామ్మ వాళ్లను అనుమానంగానే చూసి, గిన్నెలో పెట్టి ఇచ్చేది.

ఆ ఏడు పక్క ప్లాటులో ఉన్న పాత ఇల్లు కూలగొట్టారు. కోచింగ్ సెంటర్ల కోసమే ఏడంతస్తుల కాంప్లెక్సు వస్తుందన్నారు. సెల్లార్ కోసం ప్రొక్లైనర్ తెచ్చి మా గోడ పక్కనే బావంత గొయ్యి తవ్వారు. మా పాత్రలు అరల్లో గలగలలాడేవి. ఆ బిల్డరుకు మా జాగా కూడా కావాలి. వాళ్ల బ్రోకరు, సఫారీ డ్రెస్సు వేసుకుని స్వీటు డబ్బా పట్టుకుని వచ్చేవాడు. మామ్మ స్వీట్లు ముట్టుకునేది కాదు. నాన్న మాత్రం ఆయనతో పంజాగుట్ట దగ్గర ఇరానీ హోటల్లో ఛాయ్ తాగుతూ కనిపించాడని ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఆ మాటను మామ్మ పైకి అనలేదు, లోపల దాచుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంద మొక్కలు చావడం మొదలైంది.

ముందు రోజు పచ్చగా ఉన్న మొక్క మర్నాటికి వాడిపోయి కనపడేది. మామ్మ కాడ పట్టుకుని లాగితే చేతికి ఊడి వచ్చేసేది. కింద దుంప లేదు. ఇంకా చిత్రమేమిటంటే ఊడి వచ్చిన కాడను ఎవరో మట్టిలో గుచ్చి నిలబెట్టినట్టుంది. మట్టి కూడా కాలితో సర్దినట్టు చదునుగా ఉంది. మామ్మ ఆ కాడను ఇటూ అటూ తిప్పి చూసి తీర్పు చెప్పింది. జంతువైతే తిని పోతుంది, పీకి మళ్లీ గుచ్చి పోయేది మనిషే అంది. నిజంగానే ఏ జంతువు అంత పని చేస్తుంది?

అయినా న్యాయంగా ఉండాలని ముందు జంతువులనే విచారించింది. వంటింట్లోంచి ఎలుకల బోను తెచ్చి, పకోడీ గుచ్చి మడిలో పెట్టింది. తెల్లారి పకోడీ అలాగే ఉంది. ఎలుక కాదని తేలిపోయింది. తర్వాత అనుమానం ఖాలా కోళ్ల మీదికి పోయింది. ఖాలా మా ఇంటికి రెండో పక్క గోడకు అటువైపు ఉండేది. ఆవిడ భర్తకు పంజాగుట్టలో టైలరు షాపు. ఇంట్లో దక్కనీ మాట్లాడుకునేవాళ్లు, మాతో హైదరాబాదు తెలుగు. పండక్కి గోరింటాకు మా ఇంటి నుంచి వాళ్లకూ, షీర్ ఖుర్మా వాళ్లింటి నుంచి మాకూ గోడ మీంచే వచ్చేవి. అంతటి ఆవిడను పట్టుకుని మామ్మ, మీ కోళ్లు రాత్రిళ్లు ఎక్కడుంటాయమ్మా అని అడిగింది. అడిగిన తీరులోనే అంతా ఉంది.

ఖాలాకు కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు.

"పెద్దమ్మా, పొద్దు మునగకముందే మా కోళ్లు గంప కిందికి పోతయ్. చీకట్ల వాటికి కండ్లు కనపడయ్. మీకు ఫికర్ ఉంటే రాండ్రి, గంప లేపి చూడుండ్రి."

మామ్మ వెళ్లలేదు. కోడికి రేచీకటి అన్న సంగతి ఆవిడకూ తెలుసు. కోళ్లను వదిలేసింది, ఖాలాతో మాటలు మాత్రం కొన్నాళ్లు పలచబడ్డాయి. వాళ్ల అమ్మాయీ నేనూ ఆ రోజుల్లో వీధి గేటు దగ్గర కలుసుకునేవాళ్లం. పచ్చి కంద తొక్క చేతికి రాసుకుని ఎవరు ఎక్కువసేపు గోక్కోకుండా ఉంటారో పందెం వేసుకుని, ఇద్దరం ఓడిపోయి, చింతపండు రుద్దుకుంటూ ఏడ్చాం.

ఇక మిగిలింది బ్రోకరు. మొక్కలు చంపి, మనసు విరిచి, ఇల్లు అమ్మించాలని మనిషిని పంపుతున్నాడని మామ్మ నిర్ణయానికి వచ్చేసింది. అడుగుజాడ పట్టుకోవాలి. దీపం పెట్టాక కంద మడి చుట్టూ దారంతా పిండి చల్లడం మొదలుపెట్టింది. రాతి పిండి చల్లితే చవకగా పోయేది. మామ్మ ఇంట రాతి పిండికి చోటు లేదు. ముగ్గు అందం కోసం కాదే, చీమలూ పిచ్చుకలూ తింటాయని పెడతాం అని ఆవిడ సిద్ధాంతం. అందుకని దొంగను పట్టే పిండి కూడా మెత్తగా విసిరిన బియ్యప్పిండే.

తెల్లారి చూస్తే పిండి లేదు. అక్కడక్కడా మరక మిగిలింది. మిగతాదంతా తుడిచిపెట్టినట్టు పోయింది. మామ్మ మొహం గట్టిపడింది. గుర్తులు దొరక్కుండా తుడిచి మరీ పోతున్నాడు చూశావా, వీడు తెలివైన వాడే అంది. రోజూ పిండి చల్లడం, రోజూ అది మాయం కావడం, మొక్కలు ఒక్కొక్కటే ఒరగడం. పిండి ఎంత చల్లితే చావులు అంత ఎక్కువయ్యాయి. దాన్ని కూడా ఆవిడ తనను చూసి రెచ్చిపోతున్నాడనే అర్థం చేసుకుంది. మా ఇంట్లో గాలి మారిపోయింది. అమ్మ గరిటె గట్టిగా పెట్టినా మామ్మ తలెత్తి చూసేది. నాన్న ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే ఎవరు కలిశారని అడిగేది. నాన్న కూడా ముభావంగా తయారయ్యాడు.

ఒక రాత్రి చిన్న జల్లు పడింది. తడిసిన పిండి మడి అంచున గట్టిగా పట్టుకుని ఉండిపోయింది. తెల్లారి దాంట్లో హవాయి చెప్పు అచ్చు, మడమ దగ్గర ఒక పక్క అరిగిపోయిన చెప్పు. నేను పళ్లు తోముకుంటూ వెనకే నిలబడ్డాను. మామ్మ ఆ అచ్చును చాలాసేపు చూసింది. తర్వాత పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, విడిచి ఉన్న నాన్న చెప్పును చేత్తో తీసి తిరగేసింది. మడి కట్టుకున్న మనిషి, చెప్పు తగిలితేనే మళ్లీ స్నానం చేసే మనిషి, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అరిగిన మడమను చూస్తూ నిలబడిపోయింది. నాకు భయం వేసింది. ఆ భయం నాకిప్పటికీ గుర్తుంది.

నాన్న అప్పుడే నల్లా నీళ్లు పట్టడం ముగించి బకెట్టుతో వచ్చాడు. మా వీధికి తెల్లారకముందే నల్లా వచ్చేది, డ్రమ్ములు నింపడం ఆయన పని.

"ఇల్లు కావాలంటే నోరు తెరిచి అడగరాదట్రా," అంది మామ్మ. "మొక్కల్ని ఎందుకు చంపుతున్నావు?"

నాన్న బకెట్టు కింద పెట్టాడు. ఆవిడ చేతిలో ఉన్న చెప్పు చూశాడు. "నేను అలాంటివాణ్ణని నీకు అనిపించిందా అమ్మా?" అన్నాడు.

"చెప్పు కనిపిస్తోంది కదరా," అంది మామ్మ.

నాన్న జరిగింది చెప్పకుండా బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయాడు. చెబితే అయిపోయేది. అమ్మ కూడా తర్వాత అదే అంది, చెప్పెయ్యండి ఏముంటే అది అని. అనుమానించాక చెప్పేదాన్ని సంజాయిషీ అంటారు, మా అమ్మకు నేను సంజాయిషీ ఇవ్వను అన్నాడు. ఆయనకు పంతం ఎక్కువ, అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. మర్నాటి నుంచి నల్లా నీళ్లు అమ్మ పట్టింది. నాన్న పెరట్లోకి అడుగు పెట్టలేదు.

అలా ఆయన మానేశాకే అసలు సంగతి బయటపడింది.

మర్నాడు పొద్దున్నే మడిలో ఆ రాత్రి ఊడిన కంద కాడలు నిలబడి లేవు. పడిన చోటే పడి ఉన్నాయి. మొదళ్ల దగ్గర మట్టి తవ్వి గుట్టలు పోసి ఉంది. ఎవరూ సర్దలేదు. పిండి సగం మాయమైంది. మిగిలిన సగంలో చిన్న చిన్న చేతుల్లాంటి గుర్తులు, మధ్యలో తాడు ఈడ్చినట్టు సన్నని గీత. పక్కన పెంటికలు. మామ్మ గునపం తెచ్చి తవ్వింది. దుంప దొరికింది. పైన తొక్క మిగిలి లోపలంతా డొల్ల. అంచుల మీద ఉలితో చెక్కినట్టు జంట పళ్ల గాట్లు. ఆ తవ్విన మట్టి వెంట పోతే బట్టలుతికే బండ వెనక నా కాలు పట్టేంత కన్నం. అది గోడ కిందుగా పక్క ప్లాటు గొయ్యిలోకి పోతోంది. ఆ పాత ఇంటి కింద ఎన్నేళ్ల నుంచో కాపురమున్న పందికొక్కులు, సెల్లారు తవ్వేసరికి ఇల్లు పోయి మా వైపు వచ్చాయి. బియ్యప్పిండి వాటికి రోజూ దొరికే విందు. ఎలుకల బోనులో పట్టవు, పట్టినా పకోడీ కోసం వాటికి పనేముంది?

ముగ్గు పిండి ప్రాణులు తినడానికే పెడతామని జీవితమంతా చెప్పిన మామ్మకు, పిండి మాయమైతే ఎవరైనా తిన్నారేమో అని ఒక్కసారి కూడా తోచలేదు.

పాత కాడలు కూడా ఆవిడ ఒక్కొక్కటే పీకి చూసింది. కొన్నిటికి మొదలు దగ్గర, మట్టిలో కనపడకుండా, పుల్ల ఆసరా పెట్టి, పాత బనీను పీలికతో కట్టి ఉంది. ఆ బనీను ఎవరిదో వేరే చెప్పాలా. నల్లా కోసం అందరికన్నా ముందు లేచే మా నాన్న, పడిపోయిన మొక్కలు అమ్మ కంట పడకూడదని, వాటిని నిలబెట్టి మట్టి కప్పి పోతున్నాడు. ఒకటి రెండు బతుకుతాయని ఆశపడ్డాడో, కనీసం ఆ పూటైనా ఆవిడ కాఫీ ప్రశాంతంగా తాగుతుందనుకున్నాడో. పిండిలో పందికొక్కులు మిగిల్చింది ఆయన మట్టి సర్దడంలో కలిసిపోయింది. దొంగ గుర్తులు చెరిపింది ఆయనే, కాకపోతే ఆయన దొంగ కాదు. మామ్మ ఆ పీలికలు విప్పి కొంగున ముడేసుకుంది.

ఖాలా ఇంటికి మాత్రం తనే గేటు తీసుకుని వెళ్లింది, మొదటిసారి. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. సాయంత్రానికి ఖాలా భర్త ఎక్కడి నుంచో పెద్ద ఇనప బోను మోసుకొచ్చాడు. ఎర ఏం పెట్టాలని అడిగితే ఎండుచేప అన్నాడు. మా పెరట్లో ఎండుచేపా అని మామ్మ ముక్కు మూసుకుంది గానీ కాదనలేదు. కన్నంలో గాజు పెంకులూ కంకరా కూరి సిమెంటు పోశారు. మిగిలిన కంద మొక్కల్ని అడుగున ఇనప జల్లెడ వేసిన పాత డ్రమ్ముల్లోకి మార్చారు. దీపం పెట్టాక పిండి చల్లడం ఆగిపోయింది. బోనులో పిల్లిపిల్లంత జంతువు పడిన రోజు సందులోని హాస్టల్ పిల్లలంతా చూడటానికి వచ్చారు.

ఆ వారంలోనే బ్రోకరు మళ్లీ వచ్చాడు. నాన్న ఇంట్లో లేడు. మామ్మ ఆయన్ను ఎప్పుడూ లేనిది వసారాలో కూర్చోమంది. పాపం, ఆయన పొంగిపోయి మనసులో మాట కక్కేశాడు.

"అమ్మా, సారు నా మాట వింటలేడు. ఎన్నిసార్లు ఛాయ్ తాపిచ్చి అడిగినా గదే మాట. మా అమ్మకు ఆ మొక్కలంటే పాణం, ఆమె ఉన్నన్ని రోజులు ఇల్లు ముట్టద్దు అంటుండు. మీరన్న జర చెప్పుండ్రి."

మామ్మ తల ఊపింది. మంచినీళ్లు ఇచ్చి పంపించింది.

ఆ రాత్రి డ్రమ్ముల్లో బతికిన దుంపల్లోంచి ఒకటి తీసి కంద బచ్చలి వండింది. నాన్నకు తనే వడ్డించింది. చెప్పు దొరికిన రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా అన్నం, నీళ్లు తప్ప మాటల్లేవు. అమ్మా నేనూ కంచాల్లోకి చూస్తూ తింటున్నాం. నాన్న రెండో ముద్ద కలుపుతుండగా మామ్మ, ఇల్లు ఇచ్చేద్దాంరా, నేను సంతకం పెడతాను అంది.

నాన్న చెయ్యి ఆగింది. పందికొక్కుల సంగతి తేలిపోయింది కదమ్మా, ఇంకో బోను కూడా తెస్తాను అన్నాడు.

"పందికొక్కుల కోసం కాదు. నీ చెప్పు నా చేత్తో తిరగేసి చూశానురా నేను. కొడుకు చెప్పు తిరగేసి చూసే బతుకు నాకొద్దు. ఈ జాగా ఉన్నంతకాలం దీని కోసం ఎవరొస్తారా అని చూస్తూనే ఉంటాను. చూసి చూసి మళ్లీ నీ దగ్గరికే వస్తాను."

నాన్న వద్దని ఎంతో చెప్పాడు. ఆవిడ వినలేదు. వేసవి వచ్చేలోపు మేం ఎర్రగడ్డ దాటి ఒక ఫ్లాటులోకి మారాం. మా కంద మడి ఉన్న చోట కాంప్లెక్సు పార్కింగు వచ్చింది. ఆ ఫ్లాటులో మామ్మ పాలవాణ్ణి అనుమానించింది, లిఫ్టును అనుమానించింది, పై అంతస్తు వాళ్ల పంపును అనుమానించింది. నాన్నను మాత్రం మళ్లీ ఏ రోజూ ఎక్కడికి వెళ్లావని కూడా అడగలేదు. అది చూసి మేమంతా ఆవిడ ఎంత గొప్ప పని చేసిందో అనుకున్నాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను.

మామ్మ పోయిన చాలాకాలానికి నాన్నతో ఏదో పని మీద అమీర్‌పేట వెళ్లాను. మా సందు ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కాంప్లెక్సు ముందు ఆయన స్కూటర్ల మధ్య కాసేపు నిలబడ్డాడు. ఆ రోజు మామ్మ చేసిన పనికి నీకు సంతోషం వేసిందా నాన్నా అని అడిగాను. అమ్మ నన్ను రోజూ అనుమానించినా పడి ఉండేవాణ్ణే, ఎక్కడికి వెళ్లినా ఎందుకు ఆలస్యమైందని అడిగే మనిషైనా నాకు మిగిలేది అన్నాడు. ఇంక పదమన్నాడు.